అధిక బరువుతో జిమ్‌లో చేరుతున్నవారికి: మొదటి పన్నెండు వారాల సమగ్ర మార్గదర్శి

బరువు వంద కిలోలు దాటినవారు జిమ్‌లో చేరే ముందు సాధారణంగా రెండు సందేహాలు వెలిబుచ్చుతారు. ట్రెడ్‌మిల్ తమ బరువును ఆపుతుందా అన్నది మొదటిది, అక్కడ అందరూ తమనే చూస్తారేమో అన్నది రెండవది. రెండింటికీ సమాధానాలు కింద వస్తాయి. అయితే ముందుగా తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి: మొదటి రోజు ఏ పరికరం దగ్గరకు వెళ్ళాలి, ఎంతసేపు చేయాలి, ఎక్కడ ఆపాలి.

ఇక్కడ చెప్పే ప్రతి సూచనకూ ఆధారమైన నియమం ఒక్కటే. మొదటి మూడు నెలల్లో ఏ వ్యాయామం చేసినా, ఒక రోజు విశ్రాంతి తీసుకుని మళ్ళీ జిమ్‌కు రాగలిగేలా అది మిమ్మల్ని ఉంచాలి. మోకాలు వాచి పదిహేను రోజులు మంచం పట్టించే వ్యాయామం, ఆ పూట ఎన్ని కేలరీలు ఖర్చు చేయించినా, నష్టం కిందే లెక్క.

మన దేశంలో బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 25 దాటితే చాలు, స్థూలకాయంగా పరిగణిస్తారు. ఈ మార్గదర్శి మాత్రం ముఖ్యంగా 30 దాటినవారి కోసం, అంటే వంగి లేసులు కట్టుకోవడానికి ఆయాసపడేవారి కోసం, నేల మీద కూర్చుంటే లేవడానికి ఆసరా వెతుక్కునేవారి కోసం ఉద్దేశించినది.

## 1. చేరే ముందు వైద్యుడి దగ్గర తేల్చుకోవలసినవి

ఫీజు కట్టడానికి ముందే ఒకసారి వైద్యుడిని కలవాలి. "జిమ్‌లో చేరవచ్చా" అని మాత్రమే అడిగితే "నడవండి, తగ్గండి" అన్న జవాబుతో సరిపెట్టుకోవలసి వస్తుంది. అందువల్ల ఈ జాబితాను కాగితంపై రాసుకుని వెళ్ళడం మంచిది.

- బీపీ. విశ్రాంతిగా కూర్చున్నప్పుడే 180/110 లేదా అంతకు మించి ఉంటే, అది అదుపులోకి వచ్చేదాకా వ్యాయామం మొదలుపెట్టకూడదు.
- పరగడుపు షుగర్, మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ పరీక్ష.
- ఈసీజీ. ఛాతీలో బరువు, మెట్లెక్కితే అసాధారణమైన ఆయాసం, కుటుంబంలో చిన్న వయసులోనే గుండెజబ్బు వంటివి ఉంటే తప్పక చెప్పాలి. అవసరాన్ని బట్టి వైద్యుడు టూడీ ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) రాస్తారు.
- గట్టిగా గురక రావడం, పగలు కూర్చున్నచోటే కునుకు పట్టడం. ఇవి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) లక్షణాలు కావచ్చు.
- బొడ్డు దగ్గర లేదా గజ్జల్లో హెర్నియా, పాత ఆపరేషన్లు, మోకాలి, నడుము నొప్పులు. హెర్నియా ఉన్న సంగతి దాచి బరువులు ఎత్తడం ప్రమాదకరం.

వాడుతున్న మందుల సంగతి ఇంకా ముఖ్యం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి వ్యాయామంతో షుగర్ పడిపోయే అవకాశం చాలా తక్కువ. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారికి మాత్రం ఆ ముప్పు నిజంగానే ఉంటుంది కాబట్టి, జిమ్‌కు వెళ్ళే రోజు మోతాదు ఎలా ఉండాలో అడిగి తెలుసుకోవాలి. మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి బీపీ మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు. అవి వాడుతున్నప్పుడు చేతి గడియారం చూపే అంకెను బట్టి శ్రమను అంచనా వేయకూడదు.

బరువు తగ్గించే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నవారు, ఆకలి తగ్గి తిండి తగ్గడం వల్ల కొవ్వుతో పాటు కండనూ కోల్పోతారు. కింద చెప్పబోయే బరువుల వ్యాయామం వారికి నడక కంటే ముఖ్యం.

## 2. జిమ్‌ను ఎలా ఎంచుకోవాలి

మీరు రోజూ వెళ్ళదలచుకున్న వేళకే వెళ్ళి జిమ్‌ను చూడండి. మధ్యాహ్నం ఖాళీగా కనబడిన హాలు సాయంత్రం ఏడింటికి కాలు పెట్టడానికి వీల్లేకుండా ఉంటుంది.

మన పట్టణాల్లో చాలా జిమ్‌లు దుకాణాల పైన రెండో, మూడో అంతస్తులో ఉంటాయి. లిఫ్టు ఉందో లేదో చూడండి. మెట్లు ఎక్కడం కంటే, వ్యాయామం ముగించి వణికే కాళ్ళతో దిగడమే మోకాళ్ళకు పెద్ద పరీక్ష.

ట్రెడ్‌మిల్ మోసే గరిష్ఠ బరువు దాని మీద అతికించిన పట్టీపైనో, కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. ఇళ్ళలో వాడేవి సాధారణంగా 100 నుంచి 120 కిలోల వరకు, జిమ్‌ల కోసం చేసినవి 150 నుంచి 180 కిలోల వరకు మోస్తాయి. చిన్న జిమ్‌లు కొన్ని ఇంటి ట్రెడ్‌మిల్‌నే తెచ్చి పెడతాయి కనుక, మొహమాటపడకుండా అడిగి పట్టీ చూసి తెలుసుకోవాలి. మీ బరువుకూ ఆ అంకెకూ మధ్య కనీసం పదిహేను కిలోల తేడా ఉండాలని నా అభిప్రాయం.

చూడవలసిన మిగతావి:

- వీపుకు ఆనుడు ఉన్న సైకిల్. మామూలు సైకిల్ సీటు మీద కూర్చోలేనివారికి ఇదే దిక్కు.
- కూర్చుని చేసే పరికరాలు: లెగ్ ప్రెస్ (కాళ్ళతో నెట్టేది), చెస్ట్ ప్రెస్ (చేతులతో ముందుకు నెట్టేది), సీటెడ్ రో (చేతులతో వెనక్కి లాగేది).
- అదే అంతస్తులో శుభ్రమైన మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది.
- ఏసీ, లేదా కనీసం గాలి ఆడే కిటికీలు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింది జిమ్ భారీకాయులకు పనికిరాదు.
- మహిళలకు ప్రత్యేకంగా లేడీస్ బ్యాచ్, కావాలనుకుంటే మహిళా ట్రైనర్.

సంవత్సరం ప్యాకేజీ కడితే సగం ధరకే వస్తుందని ఆశ పెడతారు. ముందు ఒక నెలకు మాత్రమే కట్టండి. ఆ నెలలో పది రోజులైనా వెళ్ళగలిగితే అప్పుడు మూడు నెలలకు కట్టవచ్చు.

ట్రైనర్‌ను ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "నాకు మోకాళ్ళ నొప్పి ఉంది, మొదటి వారం ఏం చేయిస్తారు?" మీ నొప్పి గురించి, మందుల గురించి తిరిగి ప్రశ్నలు అడిగేవారు పనికొస్తారు. "నెలకు పది కిలోలు తగ్గిస్తాను" అని మొదలుపెట్టేవారి దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

## 3. బట్టలు, బూట్లు, సంచి

బూట్లు సాయంత్రం పూట కొనాలి, ఎందుకంటే అప్పటికి పాదాలు కొంత ఉబ్బి ఉంటాయి. వేళ్ళ ముందు బొటనవేలి మందం ఖాళీ ఉండాలి, పక్కలకు నొక్కకూడదు. సైజు పెంచుకుంటూ పోయే బదులు వెడల్పు ఎక్కువున్న రకం అడగాలి. వంగడం కష్టమైనవారు ఒక పాదాన్ని బెంచీ మీద పెట్టుకుని లేసులు కట్టుకోవచ్చు, లేదా లేసుల అవసరం లేని బూట్లు తీసుకోవచ్చు.

నూలు బట్టలు చెమటకు తడిసి బరువెక్కి తొడల మధ్య, చంకల్లో ఒరుస్తాయి. త్వరగా ఆరే టీషర్టు, మోకాలి దాకా వచ్చే బిగుతు లోదుస్తు వేసుకుని, ఒరిసే చోట్ల పలుచగా వ్యాసెలిన్ రాసుకుంటే చాలావరకు సమస్య తీరుతుంది. మహిళలు ఆసరా గట్టిగా ఇచ్చే స్పోర్ట్స్ బ్రా మీద ఖర్చుకు వెనుకాడకూడదు, అది లేకపోతే వీపు, భుజాలు నొప్పి పెడతాయి.

సంచిలో ఉండవలసినవి: లీటరు నీళ్ళు, రెండు తువ్వాళ్ళు, మార్చుకోవడానికి పొడి బట్టలు, షుగర్ ఉన్నవారికి గ్లూకోజ్ పొడి, వాడుతున్న మందుల పేర్లు, ఇంటివారి ఫోన్ నంబరు రాసిన చీటీ.

## 4. మొదటి రోజు: అడుగడుగునా

మొదటి రోజు మొత్తం నలభై నిమిషాలు మించకూడదు. "ఇంతేనా" అనిపించాలి. అలా అనిపిస్తే సరిగ్గా చేసినట్టే.

చాలా జిమ్‌లలో కొత్తవారిని నేరుగా ట్రెడ్‌మిల్ ఎక్కించి ముప్పావుగంట వదిలేస్తారు. ఇది తలకిందుల పద్ధతి. నడకతోనే కాళ్ళు అలిసి, చెమటలు కక్కి, బరువుల దగ్గరకు వెళ్ళే ఓపిక మిగలక ఇంటికి పోతారు. భారీకాయులు ముందు కూర్చుని చేసే బరువుల వ్యాయామం, ఆ తర్వాత నడక చేయాలి. తొడ కండ బలపడితేనే మోకాలిపై భారం సర్దుకుంటుంది. పైగా, ఎన్నో ఏళ్ళుగా ఇంత శరీరాన్ని మోసిన కాళ్ళలో మీరు అనుకున్నదాని కంటే ఎక్కువ బలమే ఉంటుంది. లెగ్ ప్రెస్ మీద అది తెలిసిపోయి ఉత్సాహం వస్తుంది.

మొదటి 5 నిమిషాలు. ఆనుడు సైకిల్ మీద అతి తక్కువ బిగువుతో తొక్కండి. సైకిల్ లేకపోతే హాలులోనే నెమ్మదిగా నడవండి.

తర్వాతి 15 నిమిషాలు. నాలుగు వ్యాయామాలు, ఒక్కొక్కటి ఒకే సెట్, అంటే ఆగకుండా పది సార్లు: లెగ్ ప్రెస్, చెస్ట్ ప్రెస్, సీటెడ్ రో, బెంచీ మీద నుంచి లేచి కూర్చోవడం. పది సార్లు పూర్తయ్యాక ఇంకో నాలుగైదు సార్లు చేయగలననిపించే బరువే సరైన బరువు. రెండింటి మధ్య రెండు నిమిషాలు కూర్చోండి.

తర్వాతి 8 నుంచి 10 నిమిషాలు. ట్రెడ్‌మిల్ మీద నడక. కదిలే పట్టీ మీద కాకుండా రెండు పక్కల ఉన్న అంచుల మీద కాళ్ళు పెట్టి నిలబడండి. ఎర్ర తాడు క్లిప్పును (తూలితే యంత్రాన్ని ఆపేది ఇదే) చొక్కాకు తగిలించండి. పట్టీని అతి తక్కువ వేగంతో కదిలించాక, కమ్మీలు పట్టుకుని ఒక్కో కాలు దించండి. గంటకు రెండున్నర నుంచి మూడు కిలోమీటర్ల వేగం చాలు. చూపు పాదాల మీద కాకుండా ఎదురుగా ఉండాలి.

నడుస్తూ పక్కవారితో పూర్తి వాక్యంలో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత శ్రమ ఉండాలి. రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకోవలసి వస్తే వేగం తగ్గించండి.

చివరి 5 నిమిషాలు. వేగం క్రమంగా తగ్గించి, పట్టీ పూర్తిగా ఆగేదాకా కమ్మీలు వదలకండి. దిగిన వెంటనే నేల కదులుతున్నట్టు కొన్ని క్షణాలు అనిపించడం మామూలే. కుర్చీలో కూర్చుని, ఆయాసం తగ్గాకే మెట్లు దిగండి.

## 5. పరికరాలను శరీరానికి సర్దుకోవడం

పరికరం పట్టకపోతే తప్పు శరీరానిది అనుకుని సిగ్గుతో లేచిపోయేవారే ఎక్కువ. నిజానికి ఆ పరికరాల్లో దాదాపు అన్నింటికీ సర్దుకునే పిన్నులు ఉంటాయి, అవి ఎక్కడున్నాయో చూపించమని ట్రైనర్‌ను అడగడమే పని.

లెగ్ ప్రెస్. మోకాళ్ళు మడిచినప్పుడు తొడలు పొట్టకు నొక్కుకుని ఊపిరి ఆడకపోతే, సీటును ఒకటి రెండు గళ్ళు వెనక్కి జరపండి. పాదాలను భుజాల కంటే వెడల్పుగా, వేళ్ళు కొద్దిగా బయటికి తిప్పి పెట్టండి. అప్పుడు తొడలు పొట్టకు రెండు పక్కలా వస్తాయి. సగం దాకా మడిస్తే చాలు. కాళ్ళు చాపినప్పుడు మోకాళ్ళను పూర్తిగా బిగించకండి.

సైకిల్. తొక్కేటప్పుడు మోకాలు పొట్టకు తగులుతుంటే సీటు ఎత్తాలి, హ్యాండిల్ కూడా ఎత్తాలి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సైకిల్ తొక్కాక మోకాలి చిప్ప ముందు నొప్పి వస్తోందంటే చాలాసార్లు సీటు మరీ కిందికి ఉండటమే కారణం.

లాట్ పుల్‌డౌన్ (కూర్చుని పైనున్న కమ్మీని కిందికి లాగేది). తొడల మీద వచ్చే మెత్త కిందికి దిగక ఇరుకుగా ఉంటే దాన్ని పైగడిలో పెట్టండి. అయినా పట్టకపోతే ఆ పరికరాన్ని వదిలి సీటెడ్ రో చేయండి, అదీ వీపు వ్యాయామమే.

పుషప్స్. నేల మీద వద్దు. గోడకు ఆనుకుని, అడుగున్నర దూరంలో నిలబడి మొదలుపెట్టండి. నెల తర్వాత ఎత్తు బల్లకు మారవచ్చు.

లేచి కూర్చోవడం. బెంచీ తక్కువ ఎత్తులో ఉంటే దానిపై రెండు మెత్తలు వేయండి. చేతులు ముందుకు చాపి, ముక్కు కాలివేళ్ళకు సూటిగా వచ్చేదాకా ముందుకు వంగి లేవండి. కూర్చునేటప్పుడు ధబాలున పడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి.

అన్నింటిలోనూ శ్వాస నియమం ఒకటే: నెట్టేటప్పుడు, లాగేటప్పుడు, లేచేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

## 6. పన్నెండు వారాల క్రమం

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం: సోమ, బుధ, శుక్ర లేదా మంగళ, గురు, శని.

- 1, 2 వారాలు: మొదటి రోజు చేసిందే మళ్ళీ. ఏమీ పెంచవద్దు.
- 3, 4 వారాలు: ఒక్కో వ్యాయామం రెండు సెట్లు. నడక 12 నుంచి 15 నిమిషాలు.
- 5 నుంచి 8 వారాలు: పన్నెండు సార్లు సునాయాసంగా వస్తే ఒక చిన్న ప్లేటు పెంచండి. ఐదో వ్యాయామంగా ఆసరా పట్టుకుని నిలబడి మడమలెత్తడం చేర్చండి. నడక 20 నిమిషాలు. జిమ్ లేని రెండు రోజులు కాలనీలోనో పార్కులోనో పావుగంట నడవండి.
- 9 నుంచి 12 వారాలు: లెగ్ ప్రెస్, రో మూడేసి సెట్లు. నడక 25 నుంచి 30 నిమిషాలు. వేగం పెంచే బదులు ట్రెడ్‌మిల్ వాలును 1 నుంచి 3 శాతం ఎత్తండి.

ఒకే వారంలో బరువు, సమయం, వేగం మూడింటిలో ఒక్కదాన్నే పెంచాలి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పన్నెండో వారానికి అందులో సగం దాటినా మీరు సరైన దారిలోనే ఉన్నట్టు.

ఐదో వారం నుంచి ఒక అదనపు సాధన: నేల మీద నుంచి లేవడం. ట్రైనర్ పక్కనుండగా చాప మీద పడుకుని, ఒక పక్కకు ఒత్తిగిలి, చేతులు, మోకాళ్ళ మీదికి వచ్చి, బెంచీ మీద ఒక చేయి వేసి, బలమైన కాలు ముందుకు పెట్టి లేవండి. బాత్రూంలో జారిపడినా ఎవరూ లేకుండా లేవగలిగే నేర్పు ఇది. చాలా జిమ్‌లలో దీన్ని ఎవరూ నేర్పరు.

## 7. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

గెంతే వ్యాయామాలు. స్కిప్పింగ్, జంపింగ్ జాక్స్, బర్పీలు బ్యాచ్ మొత్తంతో చేయించేటప్పుడు మీరు చేయనవసరం లేదు. అవే కదలికలను గెంతకుండా, ఒక్కో కాలు పక్కకు వేస్తూ చేయండి.

ట్రెడ్‌మిల్ కమ్మీలకు వేలాడటం. ఇలా చేస్తే తెరపై కనిపించే కేలరీలు ఉత్తివే. తూలుతారన్న భయం ఉంటే వేలి కొసలతో తాకండి. అప్పటికీ కుదరకపోతే వేగం ఎక్కువైనట్టు.

వణికించే బెల్టు, నడుము తిప్పే పళ్ళెం, చెమట పట్టించే పట్టీ. పొట్ట దగ్గరి కొవ్వును అక్కడికక్కడే కరిగించే పరికరం ఏదీ లేదు. చెమటతో పోయేది నీరు, రెండు గ్లాసులు తాగితే తిరిగి వస్తుంది.

మోకాలి నొప్పి. నొప్పి తీవ్రతకు పదికి మార్కులు వేస్తే మూడు లోపు ఉండి, మర్నాటి ఉదయానికి తగ్గిపోతే కొనసాగించవచ్చు. అంతకు మించితే లేదా వాపు వస్తే నడక మాని వారం పాటు సైకిల్ మాత్రమే తొక్కండి. బరువు తగ్గడం మీకు ఇక్కడే బాగా కలిసివస్తుంది: ఒక కిలో తగ్గితే, అడుగు వేసిన ప్రతిసారీ మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

ఉదయం లేవగానే మడమలో పోటు. నడక తొందరగా పెంచినవారికి ఇది వస్తుంది. నడక తగ్గించి, పిక్కలు సాగదీసే వ్యాయామం చేయండి. ఇంట్లో గ్రానైట్ నేల మీద వట్టి కాళ్ళతో తిరగకుండా మెత్తని చెప్పులు వాడండి.

ముడతల్లో దురద, తామర. స్నానం తర్వాత తుడుచుకుని పూర్తిగా ఆరనివ్వండి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన లేపనాలు తామరను ముదిరిపోయేలా చేస్తాయి. చర్మవైద్యుడికి చూపించండి.

చూపుల భయం. జిమ్‌లో చాలామంది అద్దంలో తమనే చూసుకుంటుంటారు. అయినా ఇబ్బందిగా ఉంటే మొదటి నెల ఉదయం తొమ్మిది తర్వాత వెళ్ళండి. ప్రచారం కోసం మీ ఫొటో, వీడియో తీస్తామంటే నిరాకరించే హక్కు మీకుంది, ఆ మాట చేరే రోజే చెప్పేయండి.

## 8. వెంటనే ఆపవలసిన సంకేతాలు

- ఛాతీలో నొక్కినట్టు, పిండినట్టు ఉండటం. నొప్పి ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకడం.
- కూర్చున్నా తగ్గని ఆయాసం, కళ్ళు తిరగడం, చల్లని చెమటలు.
- గుండె క్రమం తప్పి కొట్టుకోవడం.

ఇవి కనిపిస్తే "గ్యాస్ అయి ఉంటుంది" అని సోడా తాగి సరిపెట్టుకోకుండా 108కి ఫోన్ చేయించాలి. ఒంటరిగా బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్ళకూడదు.

వణుకు, విపరీతమైన ఆకలి, తికమక కలిగితే షుగర్ పడిపోయి ఉండవచ్చు. మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగి, పావుగంట తర్వాత షుగర్ చూసుకోండి.

ఒళ్ళు నొప్పులు రెండో రోజు ఎక్కువై నాలుగో రోజుకు తగ్గడం సహజం. కండరాలు విపరీతంగా వాచి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

## 9. తిండి విషయంలో ఇంతవరకు చాలు

ఆహార ప్రణాళిక వేరే అంశం. జిమ్‌కు సంబంధించినంత వరకు నాలుగు మాటలు.

గంట ముందు ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో తినండి. షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారు శనివారం ఒక్కపొద్దు, రంజాన్ ఉపవాసం వంటి రోజుల్లో వైద్యుడి సలహా లేకుండా జిమ్‌కు వెళ్ళకూడదు.

ప్రతి పూటా పప్పు, గుడ్లు, పెరుగు, చేప, చికెన్, సెనగలలో ఏదో ఒకటి పళ్ళెంలో కనిపించాలి. ప్రోటీన్ పొడి తప్పనిసరి కాదు, మూత్రపిండాల సమస్య ఉన్నవారు అడగకుండా వాడకూడదు. ఫ్యాట్ బర్నర్ అని అమ్మేవాటిని ముట్టుకోవద్దు.

వంద కిలోల మనిషి అరగంట నెమ్మదిగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు. బయటకు రాగానే చక్కెర వేసిన పెద్ద గ్లాసు జ్యూసు తాగితే లెక్క సమానం.

## 10. కొలవవలసినవి

బరువు వారానికి ఒక్కసారి, అదే రోజు, ఉదయం కాలకృత్యాలయ్యాక చూసుకోండి. మొదటి రెండు మూడు వారాల్లో ఒకటి రెండు కిలోలు పెరిగినా కంగారు పడకండి, కొత్త శ్రమకు కండరాలు నీటిని పట్టి ఉంచుతాయి.

నెలకోసారి ఇవి రాసుకోండి:

- చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్య నడుము కొలత. పురుషులకు 90, మహిళలకు 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు ఎక్కువ.
- 30 సెకన్లలో కుర్చీ నుంచి ఎన్నిసార్లు లేవగలిగారు.
- రెండంతస్తులు ఎక్కాక ఆయాసం తగ్గడానికి పట్టిన సమయం.
- విశ్రాంతి బీపీ.

తక్కెడ కదలని నెలలో కూడా వీటిలో ఒకటి రెండు మెరుగవుతాయి.

## 11. మధ్యలో ఆగిపోతే

పెళ్ళిళ్ళు, పండుగలు, ఆఫీసు పని వల్ల వారం పోతే, ఆపినచోటి నుంచే ఒక ప్లేటు తగ్గించి కొనసాగించండి. రెండు వారాలు దాటితే ఎత్తే బరువు, నడక రెండూ సగానికి తగ్గించి, రెండు వారాల్లో పాత స్థాయికి రండి. పోయిన రోజులను రెట్టింపు శ్రమతో భర్తీ చేయబోయినవారే ఎక్కువగా గాయపడతారు.

జ్వరం వస్తే, అది పూర్తిగా తగ్గి మామూలుగా తినగలిగేదాకా వెళ్ళవద్దు. డెంగీ అయితే వైద్యుడు అనుమతించాకే మొదలుపెట్టాలి, తిరిగి వెళ్ళిన రోజు మళ్ళీ మొదటి రోజు పద్ధతే: ఐదు నిమిషాల సైకిల్, ఒక్కో సెట్, పది నిమిషాల నడక.